ఆంజి నారు, బాబాయి ఫోను

వీరాంజనేయులు వాళ్ళ నాన్న పోయిన మరుసటి ఏడు, బాబాయి కోటేశ్వరరావు మిరప నారు నర్సరీని పంచాడు. దొంగచాటుగా కాదు. పెద్దమనుషుల్ని పిలిచి, కాగితం రాయించి, అందరికీ టీలు ఇప్పించి మరీ పంచాడు. గురజాల రోడ్డు పక్కన ఉన్న పెద్ద షెడ్డు తనకు. వెనకనున్న చిన్న షెడ్డు, చిరుగులు పడిన నీడవల, పాత ట్రేలు అన్న కొడుక్కి. బోరు నీళ్ళు ఇద్దరికీ వంతులవారీగా. అంతా అయ్యాక వీరాంజనేయులు ఒక్క మాట అడిగాడు. వాణ్ణి ఊరంతా ఆంజి అంటుంది, నేనూ అలాగే రాస్తాను.

"మరి ఫోను, బాబాయ్?"

"ఏ ఫోను?"

"నాన్న ఫోను. నారు కోసం రైతులు చేసేది."

"సిమ్ము నా ఆధార్ మీద ఉందిరా. ఫోనేగా, ఇంకోటి కొనుక్కో. దేశంలో నంబర్లకేమన్నా కరువొచ్చిందా ఏంది?"

పెద్దమనుషులు నవ్వారు. వాళ్ళకు పొలం ఆస్తి, బోరు ఆస్తి. పది అంకెలు కూడా ఆస్తేనని వాళ్ళకు తట్టలేదు. నాకు తట్టింది. నేను ఆ అరుగు చివరే కూర్చుని ఉన్నాను. ఆంజి మొహం చూశాను గానీ నాకు జాలి కలగలేదు. ఇక వీడు కూడా మాలాంటివాడే అనుకున్నాను.

జాలి ఎందుకు కలగలేదో చెప్పాలంటే మా ఇంట్లో నుంచి మొదలుపెట్టాలి. గురజాల హైస్కూల్లో మేమిద్దరం ఒకే బెంచీ. నా పరీక్ష కాగితం చూసి రాసి పాసైనవాడు ఆంజి. ఇంటర్ తప్పాక వాడు నాన్న వెంట నర్సరీలో దిగాడు. నేను నరసరావుపేటలో డిగ్రీ సగంలో వదిలేసి, అప్పటినుంచి దొరికిన పుస్తకమల్లా చదువుతున్నాను. వ్యాపారం ఎలా పెంచాలి, మనుషుల చేత పని ఎలా చేయించాలి, కాలాన్ని ఎలా వాడుకోవాలి, ఇలాంటివి పాత పుస్తకాల బండి మీద కొన్నవి మా అటక మీద బోలెడున్నాయి. మా అమ్మ మాత్రం అన్నం పెట్టినప్పుడల్లా ఒకటే మాట: "ఆంజిని చూడరా." ఏళ్ళ తరబడి అది నాకు ఊరగాయలాగా ప్రతి ముద్దలోనూ తగిలింది.

నంబరు పోవడమంటే ఏమిటో మిరప వేయనివాళ్ళకు అర్థం కాదు. బొల్లాపల్లి నుంచి మాచర్ల దాకా గోడల మీద ఆంజి నాన్న తన చేత్తో, తెల్ల రంగుతో, కుడివైపుకి ఒరిగే అంకెలతో ఆ నంబరు రాశాడు. ట్రేల అంచుల మీద కూడా రాశాడు. సాగర్ కుడి కాలువకు నీళ్ళు వదిలారని తెలిసిన రోజు రైతులు ఆ నంబరుకే ఫోను చేస్తారు. నారు సుమారు నలభై రోజుల్లో నాటుకు వస్తుంది. ఆ తర్వాత నాలుగు రోజులు ఆగితే ముదిరిపోతుంది, పశువులు కూడా ముట్టవు. ఆ కొద్ది రోజుల్లో రైతు ఎవరికి ఫోను చేశాడో వాడు బతుకుతాడు. ఎవరి ఫోను మోగలేదో వాడి ఏడాది చెత్తకుప్ప పాలు.

మొదటి సీజనులో ఆంజి ఫోను మోగలేదు. వెతుక్కుంటూ వచ్చిన ఒకరిద్దరు చుట్టాలు తప్ప నారు ఎవరూ ఎత్తలేదు. పైగా ఇంకో విడ్డూరం. వాడు నారు ఇచ్చిన ట్రేల మీద ఉన్నది నాన్న రాసిన నంబరే. అంటే వాడి ట్రే చూసి ఫోను చేసినవాడు కూడా బాబాయికే చేస్తున్నాడు.

"ఆ నంబరు గీకెయ్యి," అంది వాడి భార్య కీర్తి. "మన ట్రేలు పెట్టి ఆయనకి బేరాలు తెచ్చిపెడతన్నాం."

"నాన్న రాశాడే. ఉండనీయ్."

గీకలేదు. కొత్త సిమ్ము తీసుకుని, ఈసారి తన ఆధార్ మీదే తీసుకుని, ఆ నంబరు ట్రేకి రెండో అంచు మీద రాసి, పక్కన 'ఆంజి' అని పెట్టాడు. చిన్న దుకాణం నడుపుకునేవాళ్ళు ఎవరన్నా ఇది చదువుతుంటే ఒక్కసారి ఆగి, మీ బేరాలొచ్చే సిమ్ము ఎవరి పేరు మీద ఉందో చూసుకుని రండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

రెండో సీజనుకి ముందు వాడు నా దగ్గరికొచ్చాడు. ఫోన్లో మ్యాపు మీద నర్సరీ పెట్టాలట, పేరు చెప్పమన్నాడు. నేను చదివినదంతా ఉపయోగించి 'గ్రీన్ వ్యాలీ అగ్రి సొల్యూషన్స్' అని చెప్పాను. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"బొల్లాపల్లి ముసలాయన ఇది పలికేలోపు నా నారు పూతకొచ్చుద్ది కదరా!"

తర్వాత వాడు చేసిన పనేమిటంటే, రెండు మూడు రోజులు పొద్దున్నే టీకొట్టు దగ్గర నిలబడి రైతులు ఫోనుతో ఎలా మాట్లాడతారో విన్నాడు. వాళ్ళు టైపు చేయరు. మైకు బొమ్మ నొక్కి, "మిర్చినారు" అంటారు. అంతే. మ్యాపులో 'ఆంజి మిర్చినారు' అని పెట్టాడు. ఫోటో కూడా నారుది కాదు, రోడ్డు మీద నుంచి చూస్తే గేటు ఎలా కనిపిస్తుందో అది, పక్కన వాటర్ ట్యాంకుతో సహా. బస్సు దిగినవాడు దారి అడగకుండా రావాలని. ఇది నా పుస్తకాల్లో దేంట్లోనూ లేదు. ఆ పుస్తకాల మీద కోపం వచ్చింది. వాడి మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

మా వైపు రైతుకు ఇంకో భయం ఉంది. తయారు నారు కొననివాడు విత్తనాల ప్యాకెట్టు తనే కొని తెచ్చి నర్సరీలో ఇస్తాడు, పెంచినందుకు కూలి ఇస్తాడు. ఇచ్చిన దగ్గర్నుంచీ నిద్ర పట్టదు. తన ఖరీదైన విత్తనం నొక్కేసి ఏదో పిచ్చి నారు అంటగడతారని అనుమానం. ఏ నర్సరీ మీదైనా ఈ మాట ఉండేదే. ఆంజి రైతును నిలబెట్టి, ఆయన ప్యాకెట్టు ఆయన చేతనే చింపించి, ఆ ట్రేల దగ్గర పుల్లకి పేరు చీటీ కట్టి ఫోటో తీసేవాడు. ఆపైన ప్రతి శుక్రవారం ఎవరి ట్రేల ఫోటో వాళ్ళకు వాట్సాప్‌లో. కింద రాత ఉండదు, చదవలేనివాళ్ళు ఉంటారని మాట రికార్డు చేసి పంపేవాడు.

"మావా, నీ నారు రెండాకులేసింది. పురుగేం లేదు. అత్తని అడిగానని చెప్పు."

ఒక శుక్రవారం నేనక్కడే ఉన్నాను. పోలేపల్లి పెద్దాయన ఒకరికి వాడు పంపిన మాట విని నా చెవుల్ని నేను నమ్మలేదు.

"పెదనాన్నా, నీ ట్రేలు కొన్ని నారుకుళ్ళు వచ్చి పోయినయ్. ఫోటో చూడు. తప్పు నాది, నీళ్ళెక్కువ పెట్టా. పోయినకాడికి కూలి తీసుకోను."

"పిచ్చి పట్టిందిరా నీకు? ఎవడన్నా చెప్పుకుంటాడా?" అన్నాను.

"ఆయన వచ్చి చూసి తిట్టేకంటే ముందే చెప్పి తిట్టించుకుంటే ఒక పూట మిగులుద్ది."

వీడి పని అయిపోయింది అనుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి అన్నం కూడా బాగానే తిన్నాను. మర్నాడు టీకొట్టులో ఆ పెద్దాయన ఫోను నలుగురికీ చూపిస్తున్నాడు. "పోయిందని కూడా చెప్తన్నాడ్రా! ఇట్టాంటోడు ఉన్నదాన్ని మార్చి ఇస్తాడా?" అక్కడే ఇద్దరు మ్యాపులో మైకు నొక్కి "మిర్చినారు" అన్నారు.

అవతల కోటేశ్వరరావు ఊరుకోలేదు. ఇంజనీరింగు చదివిన కొడుకు తరుణ్ చేత నర్సరీకి సాఫ్ట్‌వేరు పెట్టించాడు. ఎవరి నారు ఏ తేదీన తీసుకెళ్ళాలో అదే లెక్కగట్టి అందరి ఫోన్లకూ మెసేజీ కొడుతుంది. నాకు అది బాగా నచ్చింది. గెలిస్తే ఇది గెలవాలి అనుకున్నాను.

కాలువకు నీళ్ళొచ్చాయి. సాఫ్ట్‌వేరు నారు వయసును బట్టి రైతుల్ని రోజులకు పంచింది. దానికి అన్ని రోజులూ ఒకటే. ఎక్కువమందికి పడింది సోమవారం, మంగళవారం. ఆ సోమవారం అమావాస్య. పల్నాడులో అమావాస్య నాడు అరక కట్టరు, మంగళవారం నారు ఇల్లు దాటించరు. ఇది చంటిపిల్లలకు కూడా తెలుసు. కోటేశ్వరరావుకు తెలియదా? తెలుసు. కానీ కంప్యూటరు చూపించింది తేదీలు, వారాలు కాదు. చదువుకున్న కొడుకు చేసినది సరిచూడాలని ఆయనకు తోచలేదు.

ఆ రెండు రోజులూ పెద్ద షెడ్డు దగ్గర పిట్ట వాలలేదు. బుధవారం తెల్లారేసరికి అందరూ ఒక్కసారే వచ్చి పడ్డారు. గురజాల రోడ్డు మీద ట్రాక్టర్లూ ఆటోలూ ఇరుక్కుపోయాయి. ఆ తొక్కిడిలో ట్రేలు కలిసిపోయాయి.

"ఇది నా నారు కాదు, నా విత్తనం మార్చావు," అని ఒకడు కోటేశ్వరరావు చొక్కా పట్టుకున్నాడు.

చిన్న షెడ్డులో ఆంజి బొల్లాపల్లి వైపు వాళ్ళను శని, ఆదివారాల్లోనే పంపేశాడు. మాచర్ల వైపు వాళ్ళకు గురువారం చెప్పాడు. అమావాస్య నాడూ మంగళవారం నాడూ ట్రేల మధ్య మంచం వాల్చుకుని నిద్రపోయాడు. నేను చూశాను. గురక కూడా పెట్టాడు. ఒక మనిషి నిద్ర చూసి అంత కుళ్ళుకోవచ్చని నాకు ఆ రోజే తెలిసింది.

ఆ ఏడు వాడి నారు ఒక్క ట్రే కూడా ముదరలేదు. ట్రేలు పొలాలకు చేరాక పక్క పొలాలవాళ్ళు అంచు మీద నంబరు చూసి ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఆంజి రాసిన అంచు చూసినవాడు ఆంజికి, వాళ్ళ నాన్న రాసిన అంచు చూసినవాడు బాబాయికి. ఎవరు చేసినా అడిగేది ఒకటే: "ఆంజి ఉన్నాడా?" రాంగ్ నంబరంటే ఒప్పుకునేవాళ్ళు కాదు. "రాంగేందయ్యా, ట్రే మీద ఉంటే!" అని కోటేశ్వరరావునే కసిరేవాళ్ళు.

ఒక మధ్యాహ్నం ఆయన చిన్న షెడ్డుకు వచ్చాడు. ఫోను తీసి కొబ్బరిపొట్టు బస్తా మీద విసిరాడు.

"ఇదిగోరా నీ ఫోను. పొద్దున లేస్తే ఆంజీ ఆంజీ అని చంపుతున్నారు. నేనేమన్నా నీ గుమస్తానా?"

ఆంజి ఫోను తుడిచి చేతిలో పట్టుకున్నాడు. "సిమ్ము నా పేరు మీదకి మార్పిస్తావా బాబాయ్?"

"మార్పిస్తా. పద, ఇప్పుడే పోదాం."

"ఇయ్యాల మంగళవారం బాబాయ్. రేపు పోదాం."

వల వెనక కీర్తి కిసుక్కున నవ్వింది. "నీ మంగళవారం తగలెయ్య," అన్నాడు కోటేశ్వరరావు, కానీ టీ తాగే వెళ్ళాడు. నేనైతే ఆ టీ ఇచ్చేవాణ్ణి కాదు. పెద్దమనుషులందర్నీ మళ్ళీ పిలిపించి, దేశంలో నంబర్లకు కరువొచ్చిందా అని వాళ్ళ ముందే అడిగేవాణ్ణి. ఆంజికి అది అడగాలని కూడా అనిపించలేదు. అదే నాకు మింగుడు పడనిది.

మొన్న నరసరావుపేటలో ఒక ఆఫీసులో ఉద్యోగం లేదనిపించుకుని వస్తూ, బస్సు దిగి వాడి షెడ్డులోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో తెలియదు. వాడు మోచేతుల దాకా మట్టితో ఉన్నాడు. మేకుకు తగిలించిన సంచిలో రెండు ఫోన్లూ ఒకదాని తర్వాత ఒకటి మోగుతున్నాయి.

"ఒరేయ్, నాన్న ఫోను నువ్వు ఎత్తుతావా?" అన్నాడు తల ఎత్తకుండానే. "నాకు చేతులు ఖాళీ ఉండట్లా. నీకైతే మాటనేర్పు ఉంది. జీతం ఇస్తాలే, ఊరికే కాదు."

"నాకు వేరే పని లేదనుకుంటున్నావా?"

"ఉంటే చెప్పు, ఇంకొకర్ని చూసుకుంటా. లేకపోతే బుధవారం పొద్దున్నే వచ్చెయ్. పుస్తకాలు కూడా తెచ్చుకో, మజ్జానం పూట ఫోన్లు తక్కువే ఉంటయ్."