చెట్టుకో కాయ

కిందటేడు మామగారు పోయాక, అంబాజీపేట దగ్గరున్న మా కొబ్బరితోట చూసుకోవడం నా వంతయింది. తొలి కాయల దింపు రోజున, చెట్లెక్కే సత్తిబాబు ఓ బస్తా కాయలు సైకిల్ మీద పెట్టుకుని పోతుంటే ఆపాను. "ఇయ్యి నా కాయలేనండీ" అన్నాడు. నా తోటలో నీ కాయలేమిటని మండిపడి, స్టేషన్లో దొంగతనం కేసు పెట్టాను.

వాయిదా ముందురోజు, కూతురి దగ్గర్నుంచి తిరిగొచ్చిన మా అత్తగారు సంగతి విని తల పట్టుకున్నారు. "కూలి కాక చెట్టుకో కాయ అతనిదేనమ్మా. మీ మావగారు పెట్టిన ఏర్పాటది" అన్నారు.

మర్నాడు అమలాపురం కోర్టులో ఆ మాట చెప్పేద్దామనే వెళ్లాను. తీరా అంతమందిని చూశాక, తప్పుడు కేసు పెట్టిందంటారని భయపడి వెనక్కి తగ్గాను.

మేజిస్ట్రేటు గారు సత్తిబాబుతో నిదానంగా, "నేరం ఒప్పుకుని తీరాలనేం లేదు. వకీలు లేకపోతే ఉచితంగా పెడతాం. ఏమంటావు?" అన్నారు. అతను నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"వకీలెందుకండీ. అమ్మగారే రాసిచ్చేక నేను కాదంటే ఏం బాగుంటాదండీ? ఒప్పుకుంటానండీ" అన్నాడు.

జైలుకి బదులు సమాజసేవ శిక్ష పడి, కొన్నాళ్లు ప్రభుత్వాసుపత్రి ఆవరణ ఊడ్చాడు. తర్వాత అతనింటికి వెళ్లి క్షమించమని అడిగాను. "అయ్యో, ఎంతమాటండీ" అన్నాడే తప్ప ఒక్క నిష్ఠూరం ఆడలేదు.

ఇప్పటికీ మా తోట దింపు అతనిదే. కానీ తన కాయలు తాను తీసుకోడు. పనయ్యాక ఖాళీ బస్తా పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడతాడు, నా చేత్తో వేసేదాకా.