ఆస్పత్రి తెరకు వేయని తాళం

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మా ఆయనకు చెప్పలేదు. కన్న కూతురికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మధ్యలో తడబడితే విసుక్కోకండి. ఇప్పుడు ఆగిపోతే మళ్లీ మొదలుపెట్టగలనన్న నమ్మకం నాకు లేదు.

నాది గుంటూరు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తప్పి ఆగిపోతాయన్న వై టు కె భయంతో ప్రపంచమంతా కంప్యూటర్ వాళ్లను పిలుస్తున్న రోజుల్లో, ఒక చిన్న కంపెనీ స్పాన్సర్ చేస్తే సిడ్నీ వచ్చాను. ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా పోతే పెట్టె సర్దుకోవాలి. ఇది సాకు కాదు. లేదు, సాకే. మీ దగ్గర కూడా బుకాయించడం ఎందుకు?

పడమటి సిడ్నీలో ఒక ఆస్పత్రి ముందు హాల్లో మేము టచ్‌స్క్రీన్లు పెట్టాం. రోగి పేరు నొక్కితే వార్డుకు దారి చూపిస్తాయి. తెర మూల మీద కాసేపు వేలు అదిమిపెడితే సెట్టింగుల మెనూ తెరుచుకుంటుంది. వెలుతురు, అక్షరాల సైజు, వేలి గురి, అన్నీ అక్కడే మార్చాలి. బయటివాళ్లెవరూ వాటిని ముట్టుకోకుండా ఆ మెనూకి పాస్‌వర్డ్ పెట్టడం నా పని.

పెట్టాను. తర్వాత తీసేశాను. ఆ తెరలకు గురి ఊరికే తప్పేది. ఒకచోట నొక్కితే ఇంకోచోట పడేది. అలా అయినప్పుడల్లా నేను సిటీ నుంచి రైలెక్కి రావాలి. అంత ఓపిక లేక, ముందు డెస్కులో కూర్చునే ఆంటీకి సరిచేసే పద్ధతి నేర్పాను. పాస్‌వర్డ్ చెబితే ఎప్పుడైనా దొరికిపోతానని అసలు పాస్‌వర్డే ఎత్తేశాను. అంత తెలివి నాది.

ఆంటీ ఫిజీ మనిషి. అక్కడ సైన్యం తిరగబడ్డాక కుటుంబంతో వచ్చి క్వేకర్స్ హిల్‌లో స్థిరపడింది. ముత్తాతలెప్పుడో మన వైపు నుంచి చెరకు తోటల్లో పనికి వెళ్లినవాళ్లు. ఆమె ఇంగ్లీషు నాకంటే బాగా మాట్లాడేది. తెలుగు మాత్రం వాళ్ల అవ్వ దగ్గర విన్నంతే. నాతో మాట్లాడాలన్న ఆశతో ఆ కాస్తనూ కూడగట్టుకునేది. భర్త నడుము దెబ్బతిని ఇంట్లోనే ఉండేవాడు. ఆమె జీతంతోనే ఇల్లు నడిచేది. ఆ ఏడు రంజాన్ డిసెంబరులో పడింది. ఇక్కడ డిసెంబరంటే నడి వేసవి. మండే ఎండలు, పొద్దు ఎంతకీ గుంకదు. ఆంటీ డెస్కు వెనక గదిలో నాకు నమాజుకు చోటు చూపించింది. నేను అక్కడికి వెళ్లిన రోజున ఉపవాసం విడవడానికి డబ్బాలో ఏదో ఒకటి తెచ్చి ఇచ్చేది.

వై టు కె పరీక్ష చూడటానికి ఆస్పత్రి పెద్దలంతా వచ్చిన రోజున తెరలన్నీ నల్లగా ఉన్నాయి. బడి సెలవులు. ఎవరో పిల్లలు మూలలు నొక్కి నొక్కి మెనూ తెరిచి, వెలుతురు పూర్తిగా తగ్గించేశారు. నాకు చూడగానే అర్థమైంది. ఆ పెద్దలకు మాత్రం వై టు కె ప్రళయం ముందే వచ్చేసినట్టు అనిపించింది. భార్య ఏ వార్డులో ఉందో తెలియక ఒక ముసలాయన ఆ నల్లటి తెరను అరచేత్తో తడుతూ నిలబడ్డాడు.

లోపల గదిలోకి పిలిచారు. మా మేనేజర్, ఆస్పత్రి అధికారి, ఆంటీ, నేను. మెనూకి పాస్‌వర్డ్ లేదేమిటని మేనేజర్ అడిగాడు. గురి తప్పినప్పుడు ఆ మెనూలోకి వెళ్లి సరిచేస్తుంటానని ఆంటీ దాచకుండా చెప్పింది. పాస్‌వర్డ్ పెట్టి అప్పగించానని నేనన్నాను. ఆ ఒక్క వాక్యంతో దాన్ని తీసేసిన నేరం ఆమె మీదికి వెళ్లిపోయింది. ఆంటీ నావైపు తిరిగింది. వాళ్లిద్దరికీ అర్థం కాకూడదని, నన్ను నలుగురిలో నిలబెట్టకూడదని, తెలుగులో అంది.

“చెప్పు బేటీ, నువ్వే గదా నాకు నేర్పిచ్చినావు. భయపడొద్దు, చెప్పేయ్.”

“వాట్ ఈజ్ షీ సేయింగ్?” అని మేనేజర్ నన్నడిగాడు.

“షీ ఈజ్ సేయింగ్ సారీ,” అన్నాను.

ఇంగ్లీషు వచ్చిన మనిషి ముందే అన్నాను. ఆంటీ నన్ను చూసింది. తర్వాత వాళ్లవైపు తిరిగి “యెస్. సారీ,” అంది.

ఆమెను పనిలోంచి తీసేశారు. పొద్దున ఆమె ఇచ్చిన డబ్బా నా సంచిలోనే ఉంది. ఆ సాయంత్రం దానితోనే ఉపవాసం విడిచాను. గుటకెడు నీళ్లు మింగితే రోజా ఉపవాసం చెడుతుందని పగలంతా నోరు కట్టుకున్నదాన్ని, అదే నోటితో ఆ మాట ఎలా అనగలిగాను?

ఆమె ఎందుకు ఒప్పుకుంది? నా వీసా సంగతి తెలిసి జాలిపడిందా? తన మాట ఎవరూ నమ్మరనుకుందా? నా మొహం చూశాక ఇక మాట్లాడటమే దండగనిపించిందా? అసహ్యమే అయితే బాగుండును. జాలి అయితే మాత్రం నేను తట్టుకోలేను. ఒకసారి క్వేకర్స్ హిల్‌లో వాళ్ల వీధి దాకా వెళ్లాను. తలుపు తట్టడానికి మొహం చెల్లక వెనక్కి వచ్చాను. ధైర్యం చేసి మళ్లీ వెళ్లేసరికి ఇంట్లో వేరేవాళ్లున్నారు. ఆమె ఎక్కడుందో, అసలు ఉందో లేదో తెలియదు.

నా కూతురు ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. షాపులో ఎవరైనా దాన్ని “మీ అమ్మ ఏమంటోంది?” అని అడిగితే, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. అంత చిన్న పని. విన్న ప్రతిసారీ సంచి అందుకుని నేను ముందే బయటికి నడుస్తాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు, ఆమె చేతిలో ఉంది. నాకు చేతనైంది ఒక్కటే. ఆ గదిలో నన్నడిగిన ప్రశ్నకు ఇప్పుడైనా సరైన జవాబు చెప్పడం.

ఆమె ఏమంటోంది?

నేనే నేర్పానంటోంది. నిజం. నేనే నేర్పాను.