గ్యాలన్‌కు ఎన్ని లీటర్లు

కొండల్ రావు కొట్టుకు వెళ్తే పాలు అర గ్యాలన్ అట్టపెట్టెలు రెండు తెస్తాడు గానీ గ్యాలన్ ప్లాస్టిక్ డబ్బా ముట్టుకోడు. ఎందుకో భార్య విజయశ్రీకి తెలుసు. తెలుసు కాబట్టే అడగదు.

ఆయనది హనుమకొండ. ఉస్మానియాలో మెకానికల్ చదివి, అమెరికా వచ్చి ఎమ్మెస్ పూర్తి చేసి, 1977లో డెట్రాయిట్ పక్కన ఒక కార్ల కంపెనీ ఇంజన్ ల్యాబ్‌లో చేరాడు. మజిల్ కార్లకు అప్పటికే పోయేకాలం వచ్చింది. ఎనిమిది సిలిండర్ల ఇంజన్‌తో, పచ్చ లైటు పడగానే పులిలా దూకే బండ్లవి. పొగ మీద చట్టాలు, చుక్కలనంటిన ఇన్సూరెన్స్, బంకుల ముందు బారులు, అన్నీ కలిసి వాటి పీక నొక్కాయి. 1979 చివరికి కంపెనీలో ఆ జాతి ఇంజన్ ఒక్కటే మిగిలింది. ల్యాబ్‌లో రెండు వందల గంటలు ఆగకుండా తిరిగితే ఉంచుతాం, ఆగితే ఆపేస్తాం అని మేనేజర్ తేల్చి చెప్పాడు.

దాన్ని తిప్పే పని వెండెల్‌ది. అలబామా నుంచి వచ్చిన నల్లజాతి టెక్నీషియన్, పద్దెనిమిదేళ్ల అనుభవం. అదే ఇంజన్ ఉన్న నారింజ రంగు కారు ఆయనకూ ఉంది. ఆదివారం చర్చికి మాత్రం అందులో వెళ్లేవాడు. ఇంజన్ శబ్దం విని ఏ సిలిండర్ సతాయిస్తోందో చెప్పగలడు.

ఆ ఏడే ల్యాబ్‌లో కొలతలన్నీ లీటర్లలోకి మార్చారు. పాత కాగితాలు తిరగరాసే పని కొండల్ రావుకు పడింది. ఈ ఇంజన్‌కు ఆయిల్ ఒకటింపావు గ్యాలన్. గ్యాలన్ అంటే నాలుగున్నర లీటర్ల పైన, చిన్నప్పుడు ఎక్కాలతో పాటు బట్టీపట్టిన లెక్క. కొలతల పుస్తకం తీయకుండానే షీట్ మీద 5.7 లీటర్లు అని రాసి సంతకం పెట్టాడు.

వెండెల్ ఆయిల్ పోసి, మట్టం చూసే డిప్‌స్టిక్ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"రావ్, మార్కు దాటి పైకొచ్చింది. ఇంత తాగితే నేనే నిలబడలేను, ఇంజన్ ఏం నిలబడుతుంది?"

"షీట్‌లో ఎంతుందో అంతే పోశావా?"

"అంతే పోశాను."

"అయితే నడుపు."

షెడ్డులో మెకానిక్ చెప్తే ఇంజనీరు వినడమేమిటన్న మన ఊరి పొగరు ఒకటుంది. అది వీసా అడక్కుండానే విమానమెక్కి వచ్చేసింది.

అరవై మూడో గంటకు, అడుగున తిరిగే క్రాంక్ ఇరుసు ఆయిల్‌ను చిలికి నురగ చేసింది, ప్రెషర్ పడిపోయింది, బేరింగులు పట్టేశాయి. ఇంజన్ ఆగింది. ఆయిల్ బయటికి తీసి, పావు గ్యాలన్ పట్టే పాత క్వార్ట్ డబ్బాతో కొలిస్తే ఆరు క్వార్టులుంది. ఉండాల్సింది అయిదు. టెక్నీషియన్ ఎక్కువ పోశాడని కొండల్ రావు శుక్రవారం రిపోర్టు రాశాడు. అప్పటికి ఆయన నిజంగానే అలా నమ్మాడు.

ఆదివారం పొద్దున విజయశ్రీ పెరుగుకని గ్యాలన్ పాలు కాచబోతూ, హనుమకొండ నుంచి తెచ్చుకున్న లీటరు చెంబుతో కొలిచింది.

"ఇగో, ఇటు చూడుండ్రి. నాలుగో చెంబు నిండకముందే అయిపోయినయ్. వీళ్ల గ్యాలన్‌ల గూడ మోసమేనా?"

కొండల్ రావు చెంబు వైపు చూశాడు. పుస్తకం తీశాడు. తను బట్టీపట్టిన బ్రిటిష్ గ్యాలన్ వేరు, అమెరికా గ్యాలన్ వేరు. అమెరికా లెక్కన ఆయిల్ 4.7 లీటర్లే. ఆ ఎక్కువైన లీటరు వెండెల్ పోసింది కాదు, తను రాసింది.

"రేపు పోయి చెప్పుండ్రి," అంది విజయశ్రీ, విషయం విన్నాక.

"గ్రీన్‌కార్డ్ కాగితాలు కంపెనీ చేతుల ఉన్నయ్. కార్డ్ రానీ, చెప్త."

"ఆయనకు పిల్లలున్నరు."

"మనకు లేరా?"

సోమవారం మేనేజర్ గదిలో వెండెల్ ఒకే మాట చెప్పాడు. "షీట్‌లో ఉన్నదే పోశాను." మేనేజర్ కొండల్ రావు వైపు తిరిగి, "షీట్ సరిగ్గానే ఉందా?" అన్నాడు. కొండల్ రావు బల్ల వైపు చూస్తూ, "సరిగ్గానే ఉంది," అన్నాడు.

టై కట్టుకున్నవాడి మాట ముందు చేతులకు జిడ్డున్నవాడి మాట చెల్లలేదు. ఆ గదిలో షీట్ తెప్పించి చూసినవాడు లేడు. ల్యాబ్‌లో యూనియన్ లేదు, అడిగేవాడూ లేడు. అజాగ్రత్త అని రాసి వెండెల్‌ను పంపించేశారు. ఆ రాత చూసి ఇంకే ల్యాబూ తీసుకోలేదు. ఇంజన్‌నూ మూలన పడేశారు.

1981లో గ్రీన్‌కార్డ్ వచ్చింది. కొండల్ రావు చెప్పలేదు. ప్రమోషన్ వచ్చింది. చెప్పలేదు. ఎప్పటికప్పుడు చెప్పకపోవడానికి కొత్త కారణం దొరికేది, విజయశ్రీ మాత్రం పెరుగు తోడేస్తూ ఒక్కోసారి తలెత్తి చూసేది.

1986కు గాలి మళ్లింది. పెట్రోలు చవకైంది, ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, జనం మళ్లీ బలమైన కార్లు అడుగుతున్నారు. మూలన పడేసిన ఇంజన్‌కే కొత్త సిలిండర్ హెడ్ పెట్టి తేవాలని కంపెనీ నిర్ణయించి, పని కొండల్ రావుకు అప్పగించింది. పాత ఫైలు ఆయన బల్ల మీదికి వచ్చింది. షీట్ అంచున పెన్సిల్ రాత చెక్కుచెదరలేదు: "మార్కు దాటింది. రావ్‌కు చెప్పాను. వెండెల్."

ఆ షీట్ పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాడు. వెండెల్ డెట్రాయిట్‌లో చిన్న సైలెన్సర్ల షాపు నడుపుతున్నాడు. లోపలంతా పాత మజిల్ కార్లే. ఒకప్పుడు ఇనుము ధరకు పోయినవాటిని ఇప్పుడు డాక్టర్లూ లాయర్లూ ఎగబడి కొని, బాగు చేయించుకుంటున్నారు. నారింజ కారు మాత్రం లేదు.

కొండల్ రావు షీట్ చాపి, గ్యాలన్ సంగతి మొత్తం చెప్పాడు. వెండెల్ నూలు పీచుతో చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్ను తీసేయడానికి ముందురోజు."

వెండెల్ పీచు పక్కన పడేశాడు.

"గ్యాలన్ పొరపాటు ఎవడైనా చేస్తాడు రావ్. సోమవారం నువ్వు చేసింది పొరపాటు కాదు."

"కాదు. క్షమాపణ..."

"అది నీ గుండె బరువు దించుకోవడానికి. నాకు చెప్పి ఏం లాభం? ఎక్కడ అబద్ధం చెప్పావో అక్కడికి పోయి చెప్పు. కాగితం మీద."

కొండల్ రావు జరిగిందంతా రాసిచ్చిన కాగితం మేనేజర్ చదివి తలపట్టుకున్నాడు. "పాత బురద ఎందుకు? ఇంజన్ మీద నీ పేరు వస్తోంది." కొండల్ రావు కాగితం వెనక్కి తీసుకోలేదు. రెండు నెలలు తిరగ్గా, వెండెల్ తప్పు లేదని కంపెనీ నుంచి మూడు వాక్యాల ఉత్తరం వచ్చింది. పోయిన ఉద్యోగం ఊసు అందులో లేదు. కొండల్ రావును ఇంజన్ పని నుంచి తప్పించి, వైపర్ మోటార్ల విభాగానికి మార్చారు.

కొండల్ రావు షాపుకు తెచ్చిచ్చిన ఆ ఉత్తరాన్ని వెండెల్ రెండుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు షాపులో ఎవరిదో పాత కారు బానెట్ తెరిచి ఉంది.

"అయిదు క్వార్టులు పోశాను," అన్నాడు కొండల్ రావు వైపు చూడకుండా. "డిప్‌స్టిక్ చూసి చెప్పు."

కొండల్ రావు కోటు విప్పి పక్కన పెట్టాడు. డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్లీ దింపి తీసి వెలుతురుకు పట్టాడు.

"సరిగ్గా మార్కు మీదుంది."

వెండెల్ డిప్‌స్టిక్ ఆయన చేతిలోంచి తీసుకున్నాడు. తుడిచి, మళ్లీ దింపి, తన కళ్లతో తాను చూసుకున్నాడు.