మూలన కూర్చున్న మూడు రోజులు

నీలం నగర్‌లో మా అత్తగారిల్లు రెండు గదులు. ముందు గదిలో మామ, నా భర్త మరమగ్గాల మీద టవళ్లు నేసేవాళ్లు. వెనక గదిలో ఏడుగురికి వంట చేసి, మిగతా పొద్దంతా ఆ మోతలోనే ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టేదాన్ని. రోజుకు వెయ్యి. వంకరవి కార్ఖానాలో వెనక్కి కొట్టేవాళ్లు. ఆ భయానికి నిద్రలోనూ నా వేళ్లు కదిలేవట. పైగా పెళ్లయిన రెండో ఏటి నుంచి నెలనెలా అత్త ప్రశ్న.

"ఏందే, ఈసారన్న నెల తప్పినవా?"

మా ఇంట్లో ముట్టయితే మూడు రోజులు మూలన కూర్చోవాలి. పొయ్యి, నీళ్లబిందె తాకకూడదు. బీడీలకు మాత్రం ఆ అంటు లేదు, చాట ఒళ్లోనే ఉంటుంది. అయినా వంట అత్త చేసేది, కంచం నా ముందుకు వచ్చేది. సిగ్గు లేకుండా చెబుతున్నాను, నాకు ఆ మూడు రోజులంటే పండగే.

ఆ ఎండాకాలం ముట్టు ఆగిపోయింది. సంబరపడ్డాను. మందుల షాపులో కొన్న పరీక్షలో కడుపు లేదని తేలింది. చెబితే గొడ్రాలంటారు, చెప్పకపోతే కడుపనుకుంటారు. అందుకే తేదీ రాగానే ఉత్తుత్తినే వెళ్లి మూలన కూర్చున్నాను. మొదటి నెల భయంతో. తర్వాతి నాలుగు నెలలు, నిజం చెప్పాలంటే, నడుము వాల్చడానికి కూడా.

ఆరో నెలలో అత్త నన్ను అశోక్ చౌక్ దగ్గర డాక్టరమ్మకు చూపించింది. ప్రశ్న నాకు వేస్తే జవాబు అత్త చెప్పింది.

"నెలనెలా బరాబర్ వస్తది బాయీ. క్యాలెండర్ మీద నేనే గీత గీస్త."

అత్త చెప్పిన తేదీలు నమ్మి డాక్టరమ్మ కడుపు నిలవడానికి మందు రాయబోయింది. బిడ్డ కావాలని అత్తకన్నా నాకే ఎక్కువ ఆశ. అబద్ధానికి మందు రాస్తే ఏం పనిచేస్తుంది?

"ఆ గీతలన్నీ అబద్ధం" అనేశాను.

పరీక్షలు చేయించారు. వేరే జబ్బేమీ కనిపించలేదు. ఎడతెగని దిగులు, నిద్రలేమి వల్ల కూడా ముట్టు ఆగిపోతుందని, ముందు నాకు తిండి, నిద్ర, విశ్రాంతి కావాలని డాక్టరమ్మ అత్తకే చెప్పింది.

తిరిగి వస్తుంటే అత్త దారిలోనే ఆగిపోయింది.

"ఆరాం గావాల్నంటే నోరిడిచి అడగొద్దా?"

"అడిగితే ఇద్దురా అత్తమ్మా?"

ఆమె కొంగు సర్దుకుని ముందుకు నడిచింది. నాకు కోపం కన్నా ఏడుపే ఎక్కువ వచ్చింది.

తర్వాతి నెల ఆ తేదీ వచ్చింది, ముట్టు రాలేదు. మూలన నేను కూర్చునే చాప వైపు చూశాను. అత్త కూడా చూసింది. ముట్టు లేనప్పుడు మూలెందుకన్నట్టు జొన్నపిండి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. ఏడుగురికి రొట్టెలు చేశాను.