సందు రేడియో ఆఖరి ప్రసారం

నా చిన్నప్పుడు ఎమ్మిగనూరులో మా సందుకు సొంత రేడియో ఉండేదని చెబితే, నా మనవరాలు మొదట నవ్వింది. తర్వాత నమ్మింది. నమ్మి ఊరుకోక, కంప్యూటర్లో అందరూ కలిసి రాసుకునే విజ్ఞాన సర్వస్వంలో దాని మీద ఒక వ్యాసం పెట్టింది. నాలుగు నెలలు నడిచి, మూడు సందులకు మించి వినపడని రేడియోకు వ్యాసం దేనికని అక్కడివాళ్ళు అడిగారట. పేపర్లో వచ్చిందా, పుస్తకంలో ఉందా, ఏదో ఒక ఆధారం చూపమన్నారట. వాళ్ళు అడిగింది తప్పని నేననను. గొప్పలు చెప్పుకునేవాళ్ళు లోకంలో తక్కువేమీ కాదు.

ఆధారం లేకపోవడానికి కారణం ఉంది. ఆ రేడియోకు లైసెన్సు లేదు. మా నాన్న తమ్ముడు, అంటే మా చిన్నాయన, పాత రేడియోలు బాగుచేసి బతికేవాడు. మిగిలిన సామాన్లతో తనే ఒక పెట్టె కట్టి, మా తాత మగ్గం గదిలో పెట్టాడు. మాది నేతగాళ్ళ సందు. మగ్గం మీద కూర్చున్నవాడికి చేతులూ కాళ్ళూ ఖాళీ ఉండవు, చెవులు మాత్రం ఖాళీ. నూలు ఎప్పుడొస్తుందో, ఉల్లిగడ్డల బండి ఎక్కడుందో, గురువారం మంత్రాలయం బస్సులు ఎన్ని గంటలకో చిన్నాయన చెబుతుంటే, నేస్తూనే వినేవాళ్ళు. బయటి మనిషి దగ్గర ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. కాగితం మీద పెట్టడం అసలే లేదు. పోలీసులకు తెలిస్తే చిన్నాయనను పట్టుకుపోతారని సందంతా నోరు కట్టుకుంది.

మా తాత పోయి అప్పటికి ఏడాది కాలేదు. మగ్గం వదిలి తీగలు పట్టుకున్నాడని చిన్నాయనతో ఆయన చివరిదాకా మాట్లాడలేదు. తాత నేస్తూ వదిలేసిన గుడ్డ మగ్గం మీదే ఉంది. దాన్ని కోయడానికి మా అవ్వకు మనసు రాలేదు.

అమావాస్య నాడు మా వాళ్ళు మగ్గం ఎక్కరు. ఎక్కితే సందుకంతా చేటని నమ్మకం. రోజంతా మగ్గాల మోతలో పెరిగిన పిల్లను కాబట్టి, ఆ ఒక్క రోజు నాకు చెవులు మూసుకుపోయినట్టు ఉండేది. ఆ రోజు రేడియోకూ సెలవే. పెట్టె లారీ బ్యాటరీ మీద నడిచేదని మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. లారీ లేనివాడికి లారీ బ్యాటరీ ఎందుకని ఊళ్ళో ఎవరైనా అడుగుతారని, అమావాస్యకు అమావాస్యకు చిన్నాయన దాన్ని ఆదోనికి తీసుకుపోయి ఛార్జి చేయించుకొచ్చేవాడు. నేను చెబుతున్న అమావాస్య పొద్దున కూడా బ్యాటరీని గోనెసంచిలో చుట్టి, ఒక కొస నా చేత పట్టించి, బస్టాండుకు మోసుకుపోయాడు. బస్సు కదిలేదాకా నేను అక్కడే ఉన్నాను.

మధ్యాహ్నం అవ్వా నేనూ నడిమింట్లో కూర్చుని ఉన్నాం. అవ్వ చాటలో కొర్రలు ఏరుతోంది. పక్కింట్లో ట్రాన్సిస్టర్ ఎప్పటిలాగే చిన్నాయన రేడియో మీదే పెట్టి ఉంది, ప్రసారం లేక ఉత్తగా గుర్రుమంటోంది. ఆ గుర్రు ఆగిపోయింది. దాని వెనక నుంచి మగ్గం చప్పుడు వచ్చింది. రెండు దెబ్బలు తేలిగ్గా, కాస్త ఆగి, మూడోది బరువుగా. ఎదురింటి ట్రాన్సిస్టర్లో నుంచీ అదే చప్పుడు, దాని పక్కింట్లో నుంచీ అదే. మా సందులో ఎవరి మగ్గం దెబ్బ ఎవరిదో గొంతు గుర్తుపట్టినట్టు గుర్తుపడతాం. తాతకు ఎడమ మోకాలు వంగేది కాదు. అలా కుంటుతూ నడిచే దెబ్బ ఆయనదొక్కటే.

మేము కూర్చున్న చోటికి మగ్గం గది తిన్నగా కనిపిస్తుంది. దారాన్ని అటూ ఇటూ లాగే నాడె తాత పెట్టిన చోటే ఉంది. గుడ్డ మీద దుమ్ము అలాగే ఉంది. మగ్గం కదలడం లేదు. చప్పుడు మాత్రం సందంతా వస్తోంది. కొంతసేపటికి, నాడెలో దారం కండె అయిపోయినప్పుడు ఆగినట్టు, చప్పుడు ఆగింది. నలభై ఏళ్ళు తాతకు కండెలు అందించిన మనిషి మా అవ్వ. ఆమె చెయ్యి పక్కన లేని కండెల బుట్ట వైపు దానంతటదే పోయింది. చప్పుడు మళ్ళీ మొదలైంది. నాకు ఏడుపు కూడా రాలేదు, అంత భయం వేసింది.

అది పూర్తిగా ఆగేసరికి మా గడప ముందు జనం. పక్కింటి అక్క తన ట్రాన్సిస్టర్‌ను ఒంటికి తగలనీయకుండా చేయి చాచి పట్టుకుని ముందు నిలబడింది. సందు పెద్దాయన అందరినీ తోసుకుని గడప దాకా వచ్చాడు. చిన్నాయన తండ్రి మగ్గం చప్పుడును ఎప్పుడో టేపులో పట్టి ఉంచి, మాట్లాడని తండ్రి మీద కసితో అమావాస్య పూట వినిపించి, ఎటో తప్పుకున్నాడని ఆయన తేల్చేశాడు. పెట్టెతో పాటు మనిషినీ పోలీసు స్టేషన్లో అప్పజెబుతానన్నాడు.

అవ్వ చాట కింద పెట్టి లేచింది.

"వాని జోలికి పోవద్దండప్పా. మగ్గమెక్కింది నేను. పెట్టె తెరిసుండాదని నాకు తెలీదు. ఆయప్ప దెబ్బ నా కాళ్ళకు తెలుసు."

పెద్దాయన నమ్మీ నమ్మనట్టు చూసి నన్ను అడిగాడు.

"నిజమేనా పాపా?"

అవ్వ చెయ్యి నా భుజం మీద ఉంది. చల్లగా ఉంది. నేను తల ఊపాను.

పిల్లలు అబద్ధం చెప్పరనుకున్నారో ఏమో, పోలీసుల మాట అంతటితో పోయింది. సాయంత్రం చిన్నాయన భుజాన గోనెసంచిలో బ్యాటరీతో వచ్చాడు. సందులోనే అందరూ చెప్పేశారు. గడపలో నిలబడి, "నువ్వు మగ్గమెక్కినావా మా?" అని అడిగాడు. "ఎక్కినా" అంది అవ్వ. చిన్నాయన ఆమెను చూశాడు, బ్యాటరీని చూశాడు. గదిలోకి పోయి పెట్టెలో తీగలన్నీ పీకేశాడు. తర్వాత ఎన్నడూ దాన్ని ముట్టలేదు.

అవ్వ మీద పడిన మాట మాత్రం పోలేదు. సందులో ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి గొడ్డు చచ్చినా, అమావాస్య నాడు మగ్గమెక్కిన మనిషి వల్లేనన్నారు. పొద్దున్నే ఆమె ఎదురైతే వెనక్కి తిరిగేవాళ్ళు. నాకు ఒళ్ళు మండేది. అబద్ధం ఎందుకు చెప్పావని ఒకసారి అడిగాను. "వాడు బయటపడినాడు గదా. మాట నన్నేం జేస్తాది" అంది. మరి నేసింది ఎవరని అడిగితే, కొర్రల్లో రాళ్ళు సరిగ్గా ఏరమంది.

పోయిన నెల నా మనవరాలు ఆ పక్కింటి అక్కకు ఫోన్ చేసింది. ఆమెకిప్పుడు ఎనభై దాటాయి. రేడియో ఉండిందని ఆమె చెప్పింది. అది ఎందుకు ఆగిందో కూడా చెప్పింది: ముసలామె అమావాస్య నాడు మగ్గమెక్కింది, అందుకని. ఇద్దరు పెద్దల మాట రికార్డు చేసి పెడితే వ్యాసం ఉంచే సంగతి చూద్దామని అక్కడివాళ్ళు అన్నారట. రెండో మనిషిని నేను. నేను అవునంటే చాలు, బతికినన్నాళ్ళు ఎవరికీ చెప్పుకోలేకపోయిన మా చిన్నాయన రేడియోకు నాలుగు వాక్యాల చోటు దొరుకుతుంది. అందులో ఒక వాక్యం, మా అవ్వ తప్పు వల్లే అది ఆగిందని.

ఒక రోజంతా ఆలోచించాను. కొడుకు కోసం ఆ మాట మీద వేసుకున్న మనిషి, ఇప్పుడున్నా ఊపవే తల అనే అంటుంది. కానీ అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. ఇప్పుడు కాదు. నా మనవరాలిని కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పి, ఆ వాక్యం తీసేయమన్నాను. తీసేస్తే ఇద్దరి మాట కలవక సాక్ష్యం నిలబడదని, వ్యాసం పోతుందని అది కళ్ళనీళ్ళు పెట్టుకుంది. పోయింది కూడా. నాకూ బాధే.

ఆ అమావాస్య నుంచి నాకొక అలవాటు ఉంది. ఎవరైనా తప్పు నాదేనని గట్టిగా ఒప్పుకుంటే, ఆ మనిషి వెనక ఎవరు దాక్కున్నారా అని చూస్తాను. చాలాసార్లు ఎవరో ఒకరు ఉంటారు.

మరి మగ్గమెక్కింది ఎవరు జేజీ అని మనవరాలు అడిగింది. నాకు తెలియదన్నాను. మా అవ్వ మాత్రం ఎక్కలేదు, నా పక్కనే కూర్చుని ఉంది.