ఎక్కడికీ పోని పడవల కాపరి

మా తాత జిలానీ బాషా నలభై ఏళ్ళుగా పడవలతోనే బతికాడు. వాటిలో ఎక్కి మాత్రం ఎక్కడికీ పోలేదు. పోతే వాంతి. కట్టేసిన పడవలో అన్నం తింటాడు, కునుకు తీస్తాడు. తాడు విప్పి ఇంజను వేశారంటే చాలు, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని గట్టు మీదికి దూకేస్తాడు. ఆయన పనల్లా పడవ ఎక్కడికీ పోకుండా చూడడమే. అందుకు జీతమిచ్చే ఊరు ప్రపంచంలో ఇదొక్కటే అనుకుంటాను.

ఊరంటే గల్ఫ్‌లోని రాస్ అల్ ఖైమా. సముద్రపు పాయ ఒడ్డున సిమెంటు జెట్టీ, దానికి కట్టిన షికారు పడవలు. తాత చూసుకునేది నికోస్ సార్ అనే గ్రీకాయన తెరచాప పడవ. ఆ సార్ పుట్టిన ద్వీపంలో చలికాలం రాగానే పడవలకు దుప్పటి కప్పి పండబెడతారట. ఇక్కడ అంతా తలకిందులు. ఎండాకాలమే పండబెట్టాలి. మే నెలలో ఆయన తాళాలిచ్చి వెళితే మళ్ళీ అక్టోబరులోనే రావడం. ఆ ఐదు నెలలూ పడవకు తల్లీ తండ్రీ తాతే. తెరచాపలు దించి మడత పెడతాడు. నీళ్ళ ట్యాంకు ఖాళీ చేస్తాడు. బూజు పట్టకుండా పొద్దున్నే కిటికీలు తెరిచి, ఎండ ముదిరేలోపు మూస్తాడు. కరోనా ఏడాది సార్ రాలేకపోయాడు. పడవతో మాట్లాడడం తాతకు అప్పుడే అలవాటైంది. నెల్లూరు నుంచి ఆయన పెళ్ళాం, మా జేజి హబీబున్నీసా ఫోన్ చేస్తే రెండు నిమిషాలు మాట్లాడతాడు, పడవతో గంట.

ఇక నేను. పేరు తరన్నుమ్. తొమ్మిదో తరగతి తప్పి కుట్టుమిషను ఎక్కాను. మూడేళ్ళ క్రితం తాతే నన్ను ఇక్కడ పడవల మీద కప్పే ముసుగులు కుట్టే షాపులో చేర్పించాడు. శుక్రవారం మాకు ఒంటిపూట. ఆ పూట తాతకు కూర వండుకుని పోతాను, తిట్లు తిని వస్తాను.

పోయిన వేసవిలో తాతకొక గండం వచ్చింది. వయసు అరవై నాలుగు, వీసా గడువు ఆగస్టుతో ఆఖరు. కొత్తది కావాలంటే మా జెట్టీ ముదీర్, అంటే మేనేజరు, సంతకం పెట్టాలి. ముదీర్ పేరు సత్యప్రసాద్, కాకినాడ మనిషి. తెలుగువాడే కదా అని తాత ఆశ. తెలుగువాడు కాబట్టే నొప్పి తెలిసేలా మాట్లాడతాడు. ఒక శుక్రవారం నా ముందే వచ్చి అన్నాడు.

"చూడు బాషా భాయ్, వచ్చే శుక్రవారం సాయంత్రం పెద్ద ముదీర్ తనిఖీకి వస్తున్నారు. నీ పడవ మీద ఒక్క గీత కనపడిందా, ఖలాస్. హాయిగా ఇంటికెళ్ళి మనవళ్ళని ఆడించుకో."

"మనవరాలు ఈడనే ఉండాది సార్. ఆడించేది అదే, నన్ను."

సత్యప్రసాద్ నవ్వలేదు. పడవ తాళ్ళు చూసి మాత్రం నవ్వాడు. "ఇవేం తాళ్ళయ్యా? చీరలారేసుకునే దండెంలా వేలాడుతున్నాయి. ముసలితనం తాడులోనే తెలుస్తుంది. మిగతా పడవలన్నీ నేను దగ్గరుండి బిగించి కట్టిస్తాను. నీదీ అలాగే ఉండాలి."

తాత తల ఊపాడు, తాళ్ళను మాత్రం ముట్టుకోలేదు. మాట విన్నట్టు తల ఊపి తన పని తాను చేసుకోవడం ఆయనకు జేజి దగ్గర అబ్బిన విద్య.

నాకు మాత్రం ఆ నవ్వు గుచ్చుకుంది. తనిఖీ శుక్రవారం నేను క్యారేజీతో పోయేసరికి తాత జుమా నమాజుకు వెళ్ళాడు. వేసవి నెలల్లో పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదని ఇక్కడ చట్టం. జెట్టీ మీద పిట్ట లేదు. నేను చేసేది పని కాదు, సేవ, కాబట్టి చట్టం నాకు తగలదనుకున్నాను. కుట్టుపనిలో వదులు అంటే తప్పు. దారం వదిలితే మా మేస్త్రీ చెవి మెలిపెడతాడు. నాకు తెలిసిన న్యాయం అదొక్కటే. నాలుగు తాళ్ళనూ బలమంతా పెట్టి లాగి, జెట్టీ ఇనుప గుంజలకు చుట్టి, ఒక్కోదానికి మూడేసి ముళ్ళు వేశాను. పడవ గోడకు అతుక్కుని బుద్ధిగా నిలబడింది. అప్పుడు సముద్రం నిండు పోటు మీద ఉంది. అది నేను చూడలేదు. చూసినా, నీళ్ళు కిందికి దిగుతాయని నాకు తట్టేది కాదు.

తాత వచ్చి, కాపలా గదిలో ఏసీ కింద అన్నం తిని, కూరలో ఉప్పు ఎక్కువని తిట్టి, నిద్రపోయాడు. సాయంత్రం చెబితే మురిసిపోతాడని నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే. అదీ అలా ఏడిసింది.

నాలుగింటికి ఏదో కిర్రుమన్నది. తాత దిగ్గున లేచి, చెప్పులు లేకుండానే పరిగెత్తాడు.

నీళ్ళు మనిషి నడుము లోతున దిగిపోయాయి. నీళ్ళతో పాటు దిగాల్సిన పడవ నా ముళ్ళకు చిక్కి, సగం వేలాడుతూ గోడ మీదికి ఒరిగింది. పడవకూ గోడకూ మధ్యలో ఉండాల్సిన గాలి దిండు పైకి ఎగదన్నుకుపోయింది. తెల్లటి పడవ ఒంటి మీద మూరెడు గీత. పడవ మీద తాడు చుట్టే ఉక్కు కొమ్ము ఊడి బయటికి వచ్చేలా ఉంది.

"ఎవురు మే కట్టింది?"

"నేనే తాతా. బాగా బిగించినా."

నన్ను కొడతాడనుకున్నాను. ఆయన బిగుసుకుపోయిన ముళ్ళు చూసి చెయ్యి చాచి, "సంచిలో నీ కుట్టు కత్తెర తే," అన్నాడు.

తెగేలా ఉన్న ప్రతి తాడు పక్కన తాత కొత్త తాడు కట్టాడు. దాన్ని గుంజకు మూడు చుట్లు చుట్టి, కొస నా చేతికిచ్చాడు. "ముడెయ్యబాక. నేను పాత తాడు కోస్తా. బరువంతా నీ తాట్లోకి వస్తది. భయపడబాక, చుట్లే పట్టుకుంటాయి. బెత్తెడు బెత్తెడుగా ఒదులు." కత్తెరతో పాత తాడు కోస్తుంటే అది తుపాకీలా పేలింది. పడవ ఒక్కసారి ఉలిక్కిపడి, నా చేతుల్లోంచి మెల్లగా నీళ్ళలోకి దిగింది. అలా నాలుగుసార్లు. నాలుగోసారికి నా అరచేతులు పచ్చిగా అయ్యాయి.

అప్పుడే సత్యప్రసాద్ వచ్చాడు. గీత చూశాడు, తెగిన తాళ్ళు చూశాడు. "ఏంటిది బాషా భాయ్?"

"పడవ నా చేతిలోది సార్. తప్పు నాదే."

"కాదు సార్! నేను కట్టినా. మీరు ముసలితనమని నవ్వారు, నాకు రోషం వచ్చింది. బిగించమన్నది మీరే గదా!"

"నోరు ముయ్ మే," అన్నాడు తాత. కానీ ఆయన చూపు మా ఇద్దరి మీదా లేదు. జెట్టీ పొడుగునా చూస్తున్నాడు. "సార్, మిగతాయి ఎప్పుడు బిగించినారు?"

"మధ్యాహ్నం పన్నెండింటికి, నేనే దగ్గరుండి..." సత్యప్రసాద్ మాట అక్కడే ఆగింది. వరసలో మిగిలిన రెండు పడవలూ గోడ మీదికి ఒరుగుతున్నాయి.

"యల్లా!" అని తాత ఉరికాడు. ఆయన వెనక ముదీర్, వెనక నేను. వాటి ముళ్ళు పద్ధతిగా వేసినవి కాబట్టి కత్తెర అక్కర్లేకపోయింది. ఇస్త్రీ చొక్కా ముదీర్ మోకాళ్ళ మీద కూర్చుని తాడు వదులుతుంటే, తాత ఆయన మీదే అరిచాడు. "లాగబాకండి సార్, ఒదలండి! అబ్బబ్బ, ఒదలమంటే ఒదలరే!"

పెద్ద ముదీర్ వచ్చేసరికి మూడు పడవలూ నీళ్ళ మీద మామూలుగా ఊగుతున్నాయి. మా పడవ గీత చూసి ఆయన ఏమిటని అడిగాడు. సత్యప్రసాద్ నుదురు తుడుచుకుని, ఇంగ్లీషులో తన తప్పని చెప్పాడు. ఆ మాత్రం ఇంగ్లీషు నాకు అర్థమవుతుంది. తాత జరిగిందంతా నికోస్ సార్‌కు వాయిస్ మెసేజ్‌లో చెప్పాడు. నా పేరు కూడా దాచలేదు, ద్రోహి.

మర్నాడు ముదీర్ ఫోను. "పాస్‌పోర్టు, ఫోటో తీసుకుని రా భాయ్. సంతకం పెడతాను. కుర్రాళ్ళకి తాళ్ళు కట్టడం నువ్వే నేర్పాలి. ఆ అమ్మాయికి మాత్రం నేర్పకు."

తాత ఫోన్ పెట్టేసి, నా అరచేతులకు కొబ్బరినూనె రాశాడు. రాస్తూ, ఎటో చూస్తూ అడిగాడు. "గడ్డానికి గోరింటాకు పెడతావా మే? ఫోటో గదా."

పెట్టాను. అరగంట ఉంచమంటే గంటన్నర ఉంచుకున్నాడు. కొత్త వీసా కాగితం మీద మా తాత గడ్డం కమలాపండు రంగులో మెరిసిపోతోంది. జేజికి పంపితే, ముసలాయన అక్కడ ఎవరినైనా చూసుకున్నాడా అని రెండు రోజులు నాకు ఫోన్ మీద ఫోన్.