పొద నల్లంచిని చంపింది మా అమ్మ నోరు కాదు

మా చిన్నప్పుడు, అరవైల చివర్లో, పెదనాన్న రాజాం సంతలో ఒక పిట్టను కొని పంజరంతో సహా బస్సులో తెచ్చాడు. వీధి వసారాలో, కొత్త ట్రాన్సిస్టర్ పక్కనే వేలాడదీశాడు... వచ్చేపోయేవాళ్ళు రెండూ చూడాలని.

అది పొద నల్లంచి. పిడికెడు ఒళ్ళు, దానికంటే పొడుగు తోక. తల, వీపు నల్లగా నిగనిగలాడేవి. పొట్ట ఇటుక రంగు. రెక్క విప్పితే నడుము మీద తెల్లమచ్చ తళుక్కుమనేది. అడవిలో దాన్ని మించిన గొంతు లేదంటాయి పుస్తకాలు. పంజరంలో అది ఎలా చస్తుందో మాత్రం నేను పుస్తకాల్లో నేర్చుకోలేదు.

అమ్మ పుట్టిల్లు సాలూరు కొండల దిగువ పల్లె. ఈ పిట్ట అక్కడ వాగుల పక్క వెదురు పొదల్లో ఉంటుందని, అలికిడైతే తోక ఎగరేసి నీడలోకి దూరుతుందని, తెల్లవారకముందూ పొద్దువాలాకా పాడుతుందని, వేరే పిట్టల గొంతులు కూడా తన పాటలో కలుపుకుంటుందని చెప్పేది. రాలిన ఆకులు తిరగేసి పురుగులు ఏరుకుంటుందట.

మా ఇంట్లో పిట్టంటే వడ్లు తినేదే. కోతలయ్యాక పిచ్చుకల కోసం చూరుకు వరికంకుల కుచ్చు కట్టే ఇల్లు. అలాంటిదే ఒకటి పంజరంలోనూ కట్టారు.

పెదనాన్న అమ్మకు బావగారు, ఆయనతో సూటిగా మాట్లాడే వీల్లేదు. తలుపు చాటు నుంచి అమ్మ పెద్దమ్మతో అంది: "అప్పా, అది గింజ తినదు. పురుగు ఎయ్యకపోతే సచ్చిపోతాది."

పెదనాన్న విని నవ్వాడు. "ఏటే, నీ సెల్లెలి పుట్టింట్లో పురుగులే మేపుతారేటి? గాదెలు నిండిన ఇల్లిది. తిండి లేక ఇక్కడేదీ సావదు."

పిట్ట కంకుల్ని ముట్టలేదు. పాట మానేసింది. అమ్మ పుట్ట తవ్వి, చెదపురుగుల్ని ఆకు దొన్నెలో తెచ్చి పంజరంలో పెట్టింది. పిట్ట గబగబా తింది... ఆ ఒక్కసారే. పెదనాన్న చూసి దొన్నె లాగి వీధిలోకి విసిరేశాడు.

"సూసినావా దీని పని! గాదెల పక్కన సెదలు ఎడతాదా? కొంప కూల్సేద్దామనా?" అని పెద్దమ్మ మీద అరిచాడు.

కొద్దిరోజులకే పంజరం అడుగున పడి ఉంది పిట్ట. ఒంట్లో బరువే లేదు. పైన కంకులు కంకులుగానే ఉన్నాయి.

వాకిట్లో అందరి ముందూ పెదనాన్న తీర్పు చెప్పాడు: "ఆ నోరే తగిలినాది. సస్తాది అన్నాది, సచ్చినాది."

అంతే... ఇల్లంతా నమ్మింది. విత్తనాలు చల్లే పొద్దున అమ్మను గడప దాటనివ్వలేదు. పెళ్ళి మాటలప్పుడు వంటింట్లోనే ఉంచారు. నాన్న "ఊరుకోయే" అన్నాడు గానీ అన్నను ఒక్క మాట అనలేదు. మెల్లమెల్లగా అమ్మ మాటలే మానేసింది. జబ్బు చేసినా 'ఒంట్లో బాగులేదు' అనలేదు... పైకి అంటే నిజమైపోతుందన్న భయం ఆవిడకే పట్టుకుంది. చెప్పకుండానే పోయింది.

పెదనాన్న పక్షిప్రేమికుడట! ఈమధ్య బంధువులు ఫోన్ గ్రూపుల్లో అలా రాసుకుంటున్నారు.

ఇప్పుడు అడవి పిట్టల్ని పట్టి అమ్మితే నేరం. మంచిదే. మనిషి మీద పడ్డ నింద తీసే చట్టమే ఇంకా రాలేదు. మీ ఇళ్ళలోనూ ఉన్నమాట చెప్పి అపశకునం అనిపించుకున్న ఆడవాళ్ళుంటే, వాళ్ళు చెప్పిందేమిటో ఇక్కడ రాయండి... ఇప్పటికైనా ఎవరో ఒకరు వినాలి.